బెల్లం గిన్నెలు, తాళంచెవి గుర్తు

ఇంట్లో రొట్టె కాలే వాసనకు మనసు నెమ్మదిస్తుందని అంటారు. నాకు దవడ బిగుసుకుంటుంది. వెన్న, బెల్లం, దాల్చినచెక్క కలిసి వేడెక్కే వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు గుర్తొచ్చేది మా వనపర్తిలో ఒక బేకరీ, ఆ బేకరీ గల్లా దగ్గర కూర్చునే మనిషి. అతని మీద పగతోనే నేను మా వాకిట్లో రొట్టెలు కాల్చే భట్టీ కట్టాను. ఈ సంగతి రాయడానికి నాకు మొహమాటమేమీ లేదు.

ముందు వంటల గురించి చెప్పాలి. లేకపోతే పగ అర్థం కాదు.

మా అవ్వ, అంటే నాయినను కన్న తల్లి, వయసులో ఉన్నప్పుడు ఒక బంగళా వంటింట్లో పనిచేసింది. నాగర్‌కర్నూల్ వైపు ఒక దవాఖానలో నర్సులుగా చేయడానికి కెనడా నుంచి వచ్చిన ఇద్దరు దొరసానులు ఆ బంగళాలో ఉండేవారు. వాళ్ళకు మన ఎండ పడేది కాదు, మన కారం అసలే పడేది కాదు. క్రిస్మస్ దగ్గరపడితే సొంత ఊరి తిండి మీద బెంగ పెట్టుకునేవారట. తమ తల్లులు ఎలా చేసేవారో తలచుకుని, చేతులతో చూపించి, అవ్వతో చేయించుకునేవారు. దొరకని సరుకుకు బదులు దొరికే సరుకు చేరింది. వాళ్ళ దేశంలో చెట్టుకు గాటు పెట్టి తీసే తియ్యటి పాకానికి బదులు బెల్లం. ఓట్స్‌కు బదులు జొన్న అటుకులు. పంది మాంసానికి బదులు మేక కైమా. దొరసానులు వెళ్ళిపోయారు, బంగళా మూతపడింది. వంటలు అవ్వతో పాటు మా ఇంటికి వచ్చాయి.

వాటికి మేము పెట్టుకున్న పేర్లు చెబుతాను. కైమాపెట్టె: రెండు మైదా రొట్టెల నడుమ కైమా, ఆలుగడ్డ, లవంగం, దాల్చినచెక్క పెట్టి, అంచులు మూసి కాల్చేది. ఖర్జూరం పలకలు: పైనా కిందా జొన్న అటుకులు, నడుమ ఉడికించి మెదిపిన ఖర్జూరం. మందరొట్టె: పెనం మీదే కాలే దళసరి రొట్టె. అది తమ దేశంలో అడవుల్లో బతికేవాళ్ళ రొట్టె అని దొరసాని చెబితే, అవ్వ "అట్లయితే మన మన్ననూరు అడివోళ్ళ లెక్క" అనుకుందట. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, బెల్లం గిన్నెలు. అరచేతిలో పట్టే గిన్నె ఆకారంలో వెన్న కలిపిన పిండి, అందులో బెల్లం పాకం, గుడ్డు, కిస్మిస్. కాలాక పైన పలుచటి పొర కడుతుంది. లోపల సగం గట్టిగా, సగం జారుగా ఉంటుంది. నాకు జ్వరం వచ్చినా, నేను పరీక్ష తప్పినా, నాయిన పూణే పనికి పోయి నెలల తరబడి రాకపోయినా, అవ్వ మాటలతో ఓదార్చేది కాదు. ఇనప కుండ పొయ్యి మీద పెట్టి, మూత మీద నిప్పులు పోసి, నాలుగు గిన్నెలు కాల్చేది.

కానీ క్రిస్మస్‌కు ఇనప కుండ చాలదు. మా దగ్గర ఒక అలవాటు ఉంది. పండుగలకు, పెళ్ళిళ్ళకు ఇంట్లో పిండి కలిపి, ట్రేలలో పేర్చుకుని బేకరీ భట్టీకి తీసుకుపోతారు. బేకరీవాళ్ళు తమ బన్నులు, బిస్కెట్లు తీసేశాక మిగిలిన వేడిలో బయటివాళ్ళ ట్రేలు పెడతారు. రంజాన్‌కు ముస్లింల ట్రేలు, క్రిస్మస్‌కు మావి. ట్రేలన్నీ ఒకే రకంగా ఉంటాయి కాబట్టి ఎవరి పిండి మీద వాళ్ళు గుర్తు వేసుకుంటారు. ఒకరు సోడా సీసా మూత నొక్కుతారు, ఇంకొకరు చెంచా కొనతో గీస్తారు. అవ్వ తన ట్రంకుపెట్టె తాళంచెవి తలను నొక్కేది. ప్రతి గిన్నె అంచు మీద ఒక సున్నా, తాళంచెవి రంధ్రం వల్ల దాని నడుమ ఒక చిన్న బొడిపె.

ఆ బేకరీని నడిపిన ముసలి సాయిబు దాన్ని అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. కొన్న మనిషిని అందరూ సేటు అంటారు కాబట్టి నేనూ అదే అంటాను. సేటుకు వంట రాదు. గల్లా వచ్చు.

నా డిప్లొమా చివరి ఏడాది డిసెంబరులో అవ్వా నేనూ ట్రేలు మోసుకుని అక్కడికి వెళ్ళాం. అద్దాల బీరువాలో కొత్త వరుస ఒకటి కనిపించింది. పైన 'కెనడా స్పెషల్' అని బోర్డు. మా బెల్లం గిన్నెలే. వాటన్నిటి అంచుల మీదా సున్నా, నడుమ బొడిపె.

ఎలా జరిగిందో తర్వాత ఆ బేకరీలో వంట చేసే మాస్టరే నాకు చెప్పాడు. అంతకుముందు క్రిస్మస్‌కు మా ట్రే భట్టీ బయట చల్లారుతుంటే సేటు ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. కెనడా అనే మాట కూడా అక్కడ అవ్వ చెప్పిన కబుర్లలో విన్నదే. ఆ ఫొటోను బెంగళూరు నుంచి కొత్తగా తెచ్చుకున్న మాస్టరు చేతిలో పెట్టాడు. మాస్టరుకు మా ఊరి ట్రేల అలవాటు తెలియదు. ఫొటోలో ఉన్నదంతా వంటలో భాగమే అనుకున్నాడు. మా గుర్తును కూడా దించాడు, దానికోసం ఒక పాత తాళంచెవిని కడిగి పక్కన పెట్టుకున్నాడు.

అవ్వ అద్దం మీద వేలు పెట్టింది. "సేటూ, ఇవి మా గిన్నెలు గద. గీ అంచు మీద ఉన్నది మా పెట్టె తాళంచెవి."

"తాళంచెవి మీద నీ పేరు రాసున్నదా అవ్వా?" అన్నాడు సేటు. కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు.

"పేరు లేకుంటేంది, గుర్తున్నది."

"నువ్వే నా షాపుల చూసి నేర్చుకున్నవేమో. పెద్దదానివైనవ్, యాది ఉండదు."

నేను ముందుకు వెళ్ళబోతే అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. "చేస్కో సేటూ, నేను వద్దంటలేను. ఈ అవ్వకాడ నేర్చుకున్న అని ఒక్క మాట చెప్పు. సాలు."

సేటు గల్లా మీదికి వంగి, మంచి సలహా ఇస్తున్నవాడిలా చెప్పాడు. "చెప్పొచ్చు. చెప్తే మీ ఇంట్లదని తెలుస్తది. మీ ఇంట్ల చేసిందంటే ఎవలు తింటరు అవ్వా? నా అద్దాలల్ల ఉన్నదని తింటుండ్రు. నీ మంచికే చెప్తున్న."

మాది తరతరాలుగా కూలిపనులు చేసిన క్రైస్తవుల పేట. 'మీ ఇల్లు' అంటే సేటు ఏమన్నాడో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇద్దరు ముగ్గురు తమ చేతిలోని గిన్నెలను ఒకసారి తిప్పి చూసుకున్నారు. ఆ చూపును నేను మర్చిపోలేదు.

అవ్వ ట్రేలు వెనక్కి తెచ్చేసింది. పిండి పులిసిపోయింది, బర్రెకు పెట్టాం. ఆ తర్వాత ఆమె గిన్నెలు చేయడం మానేసింది. అడిగితే చేతులు నొప్పి అనేది. జొన్నరొట్టెలు కొట్టడానికి ఆ నొప్పి ఎప్పుడూ అడ్డం రాలేదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ మనిషి అదే గల్లా దగ్గర, కొనేవాళ్ళు వింటుండగా, ఇది మా అవ్వ దగ్గర నేర్చుకున్నదని చెప్పాలి. అంతకన్నా తక్కువ ఏదీ నాకు అక్కర్లేదు.

చదువు అయ్యాక గద్వాలలో పత్తి విత్తనాల ప్లాంటులో పని దొరికింది. విత్తనాలు ఆరబెట్టే యంత్రాలను చూసుకోవడం నా పని. తొందరపడి వేడి పెంచితే విత్తనం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల చచ్చిపోతుంది. పగ తీర్చుకోవడంలో కూడా నేను తొందరపడదల్చుకోలేదు. దారులన్నీ వరుసగా ఆలోచించాను. అద్దాలు పగలగొట్టవచ్చు. కేసు నా మీద పడుతుంది, అద్దాలు కొత్తవి వస్తాయి. ఫోనులో వీడియో పెట్టవచ్చు. జనం ఒక వారం తిట్టుకుని, ఆ గిన్నెలు ఎలా ఉంటాయో చూద్దామని అక్కడికే పోతారు. అధికారులకు ఫిర్యాదు రాయవచ్చు. కానీ సేటు దుకాణాన్ని శుభ్రంగానే ఉంచుతాడు, నేను అబద్ధం రాయాల్సి వస్తుంది. చివరికి తేలిందేమిటంటే, అతని దగ్గర ఉండి మా దగ్గర లేనిది భట్టీ ఒక్కటే. దాని కోసమే మేము అతని గడపలో నిలబడాల్సి వచ్చింది.

నాయిన మేస్త్రీ. పూణే పనులు మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. భట్టీ బొమ్మ గీసి చూపించాను.

"నీ కోపానికి నా నడుము ఎందుకురా ఇరగ్గొడ్తవ్?" అన్నాడు.

"కోపం కాదు నాయినా, పని."

"పనైతే కూలి ఇయ్యి."

"బెల్లం గిన్నెలు పెడ్త."

"మీ అవ్వ చేస్తలేదు గద. నువ్వు చేస్తవా? అట్లయితే కూలే ఇయ్యి."

అయినా కట్టాడు. ఎర్రమట్టిలో వరి ఊక కలిపి తొక్కాం, ఇటుకలతో గుమ్మటం లేపాం. గోడల్లో తేమ పోయేదాకా ఆదివారం ఆదివారం గద్వాల నుంచి వచ్చి చిన్న మంట మాత్రమే పెట్టేవాణ్ణి. ప్లాంటులో పారేసిన ఒక వేడి కొలిచే తీగను బాగుచేసి లోపల అమర్చాను. అవ్వ అరుగు మీద కూర్చుని అంతా చూసేది.

"ఎవరికోసం రా గిది?" అని అడిగింది ఒకరోజు.

"నీకోసమే అవ్వా."

"అబద్ధం. వానికోసం," అంది.

మా పేటవాళ్ళు ముందుగా వచ్చారు, తర్వాత పక్క వాడల నుంచి ముస్లిం ఆడవాళ్ళు బిస్కెట్ల ట్రేలు తెచ్చారు. షరతు ఒక్కటే, ఎవరి కట్టెలు వాళ్ళే తెచ్చుకోవాలి. ట్రేలు పోతే సేటుకు పోయేది ట్రేలు మాత్రమే కాదని నేను ముందే ఆలోచించాను. భట్టీకి వచ్చేవాళ్ళు మైదా, డాల్డా, చక్కెర, ఎసెన్సు అన్నీ ఆ దుకాణంలోనే కొనేవారు. ఇప్పుడు కిరాణా కొట్లో కొంటున్నారు. భట్టీ ఖాళీగా పడి ఉందనీ, సేటు మాటిమాటికీ వాకిట్లోకి వచ్చి దారి చూస్తున్నాడనీ వింటే నాకు కడుపు నిండినట్టు ఉండేది.

అయినా అవ్వ పిండి ముట్టలేదు. నేనే ప్రతి సరుకును తూకం వేసి, వేడి చూసుకుంటూ గిన్నెలు చేశాను. ఆమె ఒక ముక్క కొరికి, "కొలత బాగున్నది" అంది. రుచి ఊసెత్తలేదు.

భట్టీ కట్టిన ఏడాది డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున బెంగళూరు మాస్టరు మా ఇంటికి వచ్చాడు. తన తెలుగులో, మధ్య మధ్య కన్నడం కలుపుతూ చెప్పాడు. అమరచింతలో ఒక పెద్ద ఇంటి గృహప్రవేశానికి కెనడా స్పెషల్ పంపారట. దుకాణంలో ఏ రోజువి ఆ రోజే అమ్ముడయ్యేవి గానీ, అక్కడ మర్నాటికి లోపలి బెల్లం గడ్డకట్టి, ఇసుక నమిలినట్టు కరకరలాడిందట. పెట్టెలు పెట్టెలుగా తిరిగొచ్చాయి. క్రిస్మస్‌కు ఇంకా పెద్ద ఆర్డర్లు ఉన్నాయి. ఆయన చూసిన ఫొటోలో పాకం పైకి ఎలా ఉందో కనిపించింది గానీ, అందులో ఏముందో కనిపించలేదు. సాయంత్రం సేటే వస్తాడట, అవ్వతో మాట్లాడాలట.

మాస్టరు వెళ్ళగానే అవ్వ లేచింది. మైదా జల్లెడ పట్టింది. వెన్న తెమ్మంది.

నాకు ఒళ్ళు మండింది. "వానికోసం చేస్తవా అవ్వా?"

"అవ్. వానికోసమే."

ట్రంకుపెట్టె తాళంచెవి తీసి, కొంగుతో తుడిచి, ఒక్కో గిన్నె అంచు మీద నొక్కింది. ఎండ వాలేదాకా ట్రేను భట్టీలో పెట్టనివ్వలేదు. నేను ఆమెతో మాట్లాడకుండా మంట చూసుకున్నాను. ముసలితనం మనిషిని మెత్తబరుస్తుందని మనసులో తిట్టుకున్నాను.

ఎండ తగ్గే వేళకు సేటు వచ్చాడు. కారును పేట మొదట్లోనే ఆపి నడిచొచ్చాడు. వాకిట్లో ఆడవాళ్ళు ట్రేలతో వరుసగా కూర్చుని ఉన్నారు. అందరూ ఒకప్పుడు అతని భట్టీ ముందు కూర్చున్నవాళ్ళే.

పక్కింటి చిన్నమ్మకు నోరు ఆగదు. "ఏం సేటూ, ఉత్త చేతులతోని వచ్చినవ్? ట్రే ఏదీ? కట్టెలు తెచ్చుకున్నవా?"

వాకిలంతా నవ్వింది. సేటు కూడా నవ్వాడు, పళ్ళతో మాత్రమే.

అవ్వ కుర్చీ వేయించింది. "నిలబడే మాట్లాడ్త అవ్వా, జర పనున్నది," అన్నాడు. అమరచింత సంగతి చెప్పాడు. పాకం మెత్తగా ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్పమన్నాడు.

నేను అడ్డం వెళ్ళాను. "ముందు నువ్వొక ముక్క చెప్పాలె. నీ గల్లాకాడ, అందరు వినంగ, గిది మా అవ్వ నేర్పింది అని."

"పాత ముచ్చట ఎందుకు తవ్వుతవ్ తమ్మీ? అవ్వ పెద్దమనిషి అని ఈడ అంటలేనా?"

"ఈడ కాదు. ఆడ."

"నువ్వు జర ఊకో," అంది అవ్వ నాతో. భట్టీ తలుపు తీయించి, ట్రే బయటికి లాగించింది. స్టీలు పళ్ళెంలో ఒక గిన్నె పెట్టి సేటు ముందుకు చాచింది. "తిను సేటూ. తిన్నంక చెప్త."

సేటు పళ్ళెం వంక చూశాడు, తర్వాత చుట్టూ చూశాడు. "పార్సల్ కట్టు అవ్వా. ఇంటికాడ నిమ్మలంగ తింట."

"పార్సల్ కడ్తే నీ షాపుల దాని లెక్కనే ఐతది. ఈడనే తినాలె."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వరుసలో ఉన్నవాళ్ళందరూ అతని చేతుల వంక చూస్తున్నారు. మీ ఇంట్ల చేసిందంటే ఎవలు తింటరు అని అతను అన్న మాట పేటలో వినని మనిషి లేడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. భట్టీ నుంచి తీసిన బెల్లం గిన్నె మోసం చేస్తుంది. పిండి పెంకు తొందరగా చల్లబడి చేతికి గోరువెచ్చగా తగులుతుంది. లోపలి పాకం మాత్రం అప్పటికీ మరుగుతున్నట్టే ఉంటుంది. మా పేటలో నడక నేర్చిన పిల్లలు కూడా దాన్ని విరిచి, ఊది, ఆగి తింటారు. సేటు వాటిని అద్దాల్లో పెట్టి చల్లగా అమ్మినవాడే గానీ, భట్టీ ముందు నిలబడి ఎన్నడూ తినలేదు. ఊదుకో అని చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. నేను చెప్పలేదు. అవ్వ చెప్పలేదు. ఎప్పుడూ ఆగని చిన్నమ్మ నోరు కూడా ఆగింది.

తొందరగా ముగించాలని కాబోలు, సేటు సగం గిన్నెను ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు.

అతని కళ్ళు పెద్దవయ్యాయి. పాకం అంగిటికి అతుక్కుంది. ఉమ్మేద్దామంటే ఎదురుగా అంతమంది. మా ఇంటి తిండిని మా వాకిట్లో ఉమ్మేస్తే ఏమవుతుందో అతనికీ తెలుసు. మింగాడు. మెడ మీద నరాలు లేచాయి. చేత్తో నీళ్ళు, నీళ్ళు అని సైగ చేశాడు.

అవ్వ మా కుండలో చెంబు ముంచి అందించింది. అందుకుని, ఒక్క క్షణం ఆగి చెంబు వంక చూశాడు. తల ఎత్తి, పెదవులకు తగలకుండా పైనుంచి పోసుకోబోయాడు. నాలుక కాలినవాడికి అది చేతకాదు, నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. అప్పుడు చెంబును నోటికి ఆనించుకుని గటగటా తాగాడు. ఖాళీ చెంబును మళ్ళీ చాచాడు. అవ్వ మళ్ళీ నింపింది.

నా జీవితంలో నేను చూసిన దృశ్యాల్లో దానికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

రెండో చెంబు అయ్యాక అవ్వ మాట్లాడింది. సేటుకు మాత్రమే వినబడేలా కాదు, వరుస చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేలా. "చింతపండు నీళ్ళు. పాకం పొయ్యి మీద ఉన్నప్పుడే ఒక చెంచడు పోయాలె. పులుపు తగలకుంటే బెల్లం మళ్ల గడ్డ గడ్తది. దొరసాని సీసల ఉండే పుల్లటి సిర్క పోసేది, నేను చింతపండు పోస్త. అందరు వినుండ్రి."

"అవ్వా!" అని అరిచాను. అది మా ఇంటి ఒకే ఒక్క రహస్యం.

"గింతేనా అత్తా?" అంది చిన్నమ్మ. "ఇన్నేండ్లు చెప్పకపోతివి."

"నువ్వు అడిగినవానె?"

సేటు ఏదో అన్నాడు. కాలిన నాలుకతో అన్నది నాకు అర్థం కాలేదు. గబగబా కారు దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ క్రిస్మస్‌కు మా పేటలో ప్రతి ఇంట్లో బెల్లం గిన్నెలు కాలాయి. ఒకరివి సోడా మూత గుర్తుతో, ఒకరివి చెంచా గీతలతో. బిస్కెట్ల కోసం వచ్చే ముస్లిం ఆడవాళ్ళు కూడా చేసుకున్నారు. సేటు గిన్నెలు ఇప్పుడు మెత్తగానే ఉన్నాయి గానీ, ఎవరి ఇంట్లో వాళ్ళకు వేడివేడిగా దొరికేదాన్ని అద్దాల వెనక నుంచి చల్లగా ఎవరు కొంటారు? కొత్త సంవత్సరం వచ్చాక ఆ వరుసలో క్రీము రోల్సు కనిపించాయి. బోర్డు తీసేశారు.

అవ్వ మళ్ళీ చేస్తోంది. చేతుల నొప్పి మాట ఎత్తడం లేదు. నేను మాత్రం ఆమెతో వాదించాను.

"వాడు చెప్పనే లేదు గద అవ్వా."

"ఏం చెప్పాలె? మీ ఇంట్లది ఎవలు తింటరు అన్నడు. తిన్నడు. మన చెంబుతోని నీళ్ళు తాగిండు, ఇంకిన్ని పోయమన్నడు. నాకు సరిపోయింది."

"నాకు సరిపోలే."

"నీకు సరిపోకుంటే అది నీ పరేషాన్. నాకు వెన్న తెచ్చిపెట్టి పో."

ఆమెది తీరిపోయింది. నాది తీరలేదు. ఆదివారం ఊరికి వచ్చినప్పుడు ఆ బేకరీలో ఆగుతాను, ఏదో ఒక బన్ను కొంటాను. సేటు తల ఎత్తకుండా చిల్లర ఇస్తాడు. నేను చిల్లర జేబులో వేసుకోకుండా అతని నోటి వంక చూస్తూ నిలబడతాను. వెనకున్నవాళ్ళు తోస్తారు. అప్పుడు పక్కకు జరుగుతాను. పై ఆదివారం మళ్ళీ వెళ్ళి అదే చోట నిలబడతాను.